ఎడంచేతి బువ్వ

ఓబులేశుకు ఒక ఇంగ్లీషు మాట దగ్గర చిక్కు పడింది.

అతను ప్రొద్దుటూరులో కాలేజీ లెక్చరరు. పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం చిన్న పుస్తకం ఒకటి రాస్తున్నాడు. పేజీకొక ఇంగ్లీషు మాట, దాని అర్థాలు, దాన్ని ఎక్కడెక్కడ ఎట్లా వాడతారో తెలుగులో. సగం పుస్తకం నడిచింది. ఇంతలో ఒక మాట అడ్డం తిరిగింది. వేసవి సెలవులు ఇవ్వగానే, ఏటా వచ్చినట్టే, మౌలాలి తాత దగ్గరికి వచ్చాడు.

మౌలాలి తాత ఒకప్పుడు ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. నల్లమల అంచున, కొండవాగు ఒడ్డున తన గురువు సమాధి ఉంటే అక్కడే ఉండిపోయాడు. నమాజు చేసేవాళ్లూ వస్తారు, విభూతి పెట్టుకునేవాళ్లూ వస్తారు. అందరితోనూ ఆయనది ఇంటి తెలుగే. కూర్చోబెట్టి బోధించడం ఆయనకు చేతకాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఏదో ఒక పని చెబుతాడు.

ఆ పొద్దు తాత వసారాలో కూర్చుని పాత బొంతకు మాసిక వేస్తున్నాడు. ఓబులేశు ఎదురుగా కూర్చున్నాడు.

"తాతా, ఇంగ్లీషులో ఫీడ్ అని ఒక మాట ఉంది."

"ఊ."

"తల్లి బిడ్డకు పాలిస్తే ఆ మాటే. ఎనుముకు దాణా పెట్టినా అదే. పొయ్యిలోకి కట్టె తోసినా, గానుగలో చెరకు గడ పెట్టినా, వాగు పోయి ఏట్లో కలిసినా అదే. చాడీలు చెప్పి ఒకరి కోపం పెంచినా అదే. సెల్‌ఫోన్‌లో వేలితో పైకి తోసేకొద్దీ వస్తా ఉంటాయే బొమ్మలూ వార్తలూ, దాన్నీ అదే అంటారు."

"కష్టజీవి మాదిరుందే," అన్నాడు తాత, సూదిలో దారం ఎక్కిస్తూ. "అన్ని పనులూ దానికే చెప్పినారు."

ఓబులేశు నవ్వాడు. "వాటికేం పర్వాలేదు. అన్నిటికీ మన మాటలున్నాయి, రాసుకున్నా. ఒక్కచోటే ఆగిపోయినా. మనిషి ఎనుమును మేపినా ఆ మాటే, ఎనుము తనంతట తాను మేసినా ఆ మాటే! మనకట్లా కాదు గదా. మేసేది ఎనుము, మేపేది మనిషి. తినేది బిడ్డ, తినిపించేది తల్లి. పెట్టే చెయ్యి వేరు, తినే నోరు వేరు. రెంటికీ ఒకే మాట ఎట్లా సరిపోతుంది? క్లాసులో ఒక పిల్ల లేచి ఇదే అడిగింది. అదంతే, గుర్తుపెట్టుకో అన్నా. ఆ పిల్ల కూర్చుంది. నాకే కుదురు లేకుండా పోయింది."

తాత దారం పళ్లతో తెంపాడు.

"లోపల అవ్వకు బువ్వ పెట్టి రాపో," అన్నాడు.

అవ్వ అంటే దస్తగిరమ్మ. అక్కడి వంటశాల ఆమెదే. ఎవరు ఏ వేళకు వచ్చినా, "తిన్యావా?" అని ఆమె అడిగిన తర్వాతే తాత దగ్గరికి పోయేది. మొదటిసారి వచ్చినప్పుడు ఓబులేశు కూడా అట్లా తినే పోయాడు. ఈ ఏడు ఉగాది వెళ్లాక ఒక ఉదయం అవ్వ పొయ్యి దగ్గరే కూలిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మూతి ఒక పక్కకు వంగింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చినప్పటి నుంచి తిండి తగ్గిస్తూ వచ్చి, చివరికి నోరు తెరవడమే మానేసింది. వచ్చిన ఆడవాళ్లంతా బతిమాలి చూశారు. ఆమె గోడ వైపు మొహం తిప్పుకునేది.

పొద్దున ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి పోయింది. పోతూ పోతూ గడపలో నిలబడి చెప్పింది. "మింగడానికి గొంతు బాగానే ఉందని డాక్టరుగారు చూసి చెప్పినారు. ఈమే తినడం లేదు. ఈరోజు కూడా ఇట్లాగే ఉంటే రేపు కర్నూలు తీసుకుపోండి. ముక్కులోంచి ఫీడింగ్ ట్యూబ్ వేస్తారు. లేదంటే మనిషి దక్కదు."

ఆ మాట మంచం మీదున్న అవ్వకూ వినబడింది. ఆమె కళ్లు మూసుకుంది.

ఇంతమందిలో తాత తనకే ఈ పని చెప్పాడని ఓబులేశుకు లోలోపల సంతోషమే. తానే పొయ్యి వెలిగించాడు. అన్నం మెత్తగా వండి, పెసరపప్పు ఉడకబెట్టి, రెండూ కలిపి మెదిపాడు. పళ్లెంలో వేసుకుని, చంచా కడిగి తీసుకుని వెళ్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"అవ్వా, నేను ఓబులేశును. చూడు, మెత్తగా చేసినా. నమిలే పని కూడా లేదు."

అవ్వ చూసింది. చంచా పెదవుల దాకా వచ్చింది. పెదవులు విడివడలేదు.

"నా చేత్తో ఒక్క ముద్ద తిను. నీకు పెట్టిన పుణ్యమన్నా నాకు దక్కనీ."

ఆమె ఎడంచెయ్యి బొంత కింద ఇంకా లోపలికి పోయింది. ఓబులేశు ఒక చేత్తో గడ్డం పట్టుకుని, చంచాను పెదవుల మధ్యకు మెల్లగా తోశాడు. లోపలికి పోయినంతా మూతి పక్కనుంచి బయటికి వచ్చింది. తుడిచాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. అన్నం మెడ మీదికి జారింది. ఓపిక తగ్గుతూ వచ్చి ఒక్కసారిగా తెగిపోయింది.

"ఏం మొండితనం అవ్వా ఇది! ఊరందరికీ పెట్టినావు. ఒకరు పెడితే తినడం తెలీదా నీకు?"

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. అవ్వ కుడికంట్లోంచి నీరు కారుతోంది. ఏడుస్తోందో, జబ్బు వల్ల దానంతటదే కారుతోందో తెలియలేదు. ఆమె గోడ వైపు తిరిగింది.

పళ్లెం తీసుకుని వసారాలోకి వచ్చాడు.

"నావల్ల కాలేదు తాతా. కోపంలో ఒక మాట కూడా అన్నా. రేపు కర్నూలే గతి."

తాత బొంత మడిచి పక్కన పెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

"నాకూ పొద్దున్నుంచి తిండి లేదు," అన్నాడు. "అది పట్టుకొని రా."

లోపలికి పోయాక ఇద్దరూ కలిసి అవ్వను లేపి, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. పళ్లెం ఆమె ఒళ్లో ఎడమ పక్కగా పెట్టించాడు తాత. స్టూలు జరిపేసి, మంచం పట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన మొహం అవ్వ చేతికి అందేంత ఎత్తులో ఉంది.

"దస్తగిరీ, ఆకలైతాంది."

అవ్వ ఆయన వైపు చూసింది. తర్వాత ఓబులేశు వైపు. "వానికి... చెప్పు," అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"వాడు చంచాతో పెడతాడు. నాకు ఆ ఇనుము వాసన పడదు. నువ్వు పెట్టు."

ఆమె తన కుడిచేతి వైపు చూసుకుంది. అది ఒళ్లో ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది. ఆ చెయ్యి వడ్డించని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఎడం... చెయ్యి... తప్పు."

"నోటికి కుడి ఎడమలు యాడ తెలుస్తాయి దస్తగిరీ? పెట్టు."

తాత కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. లోపల నాలుగైదు పళ్లకంటే లేవు. అట్లాగే కూర్చున్నాడు. ఎంతసేపటికీ నోరు మూయలేదు. గురువులాంటి తాతను ఆ వాలకంలో చూడలేక ఓబులేశు కిటికీ వైపు తిరిగాడు.

పళ్లెం కదిలిన చప్పుడైంది. తిరిగి చూశాడు.

అవ్వ ఎడంచెయ్యి బొంత కిందినుంచి బయటికి వచ్చింది. వేళ్లకు ముద్ద కట్టడం రావడం లేదు. కలిపింది, జారిపోయింది, మళ్లీ కలిపింది. మొదటి ముద్ద తాత గడ్డంలోకి పోయింది. రెండోది సగం నోట్లో పడింది. తాత కళ్లు తెరవకుండానే నమిలాడు. నుదురు ముడిపడింది.

"ఉప్పు చాల్లేదు."

"తాతా, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని నేనే..." అంటూ ఓబులేశు ముందుకు వచ్చాడు. ఇద్దరిలో ఎవరూ అతని మాట వినిపించుకోలేదు.

అవ్వ కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పళ్లెంలోకి చూసింది. రెండు వేళ్లతో కొంచెం తీసుకుంది. ఎన్నో ఏళ్లుగా ప్రతి గిన్నె దించేముందు చేసినట్టే, ఆలోచించకుండా, నాలుక మీద వేసుకుంది. వంగిన మూతి మెల్లగా కదిలింది. గొంతు ఒకసారి కిందికీ పైకీ ఆడింది.

ఓబులేశు ఊపిరి బిగబట్టాడు.

"అసలు... ఎయ్యనేలేదు... వాడు," అంది అవ్వ, అతన్ని నిలువునా చూస్తూ.

"తేపో రా," అన్నాడు తాత.

ఓబులేశు వంటశాలకు పరుగెత్తి ఉప్పు డబ్బా తెచ్చాడు. అవ్వ చిటికెడే వేయించుకుంది. కలిపి తాతకొక ముద్ద పెట్టింది. ఆయన తల ఎటూ ఊపకుండా నమిలాడు.

"ఏమో. ఇంకా తెలీడం లేదు."

ఆమె మళ్లీ రుచి చూసింది. ఈసారి కొంచెం ఎక్కువే తీసుకుంది. "చాలు," అంది.

"ఆ పక్కది కలవలేదేమో."

ఆ పక్కదీ చూసింది. ఆయనకొక ముద్ద, తనకొక ముద్ద. అట్లా నాలుగైదు ముద్దలు నడిచాక అవ్వ చెయ్యి ఆగింది. తాత మొహంలోకి చూసింది. మూతిలో కదిలే పక్క మాత్రం నవ్వింది.

"దొంగ... ముసలోడా."

తాత ఏమీ ఎరగనట్టు మళ్లీ నోరు తెరిచాడు. ఆమె పెట్టింది. తానూ తింది. కిటికీలోంచి వాగు చప్పుడు వస్తోంది.

పళ్లెంలో అడుగు కనబడే వేళకు అవ్వ తలెత్తి, గోడకానుకుని నిలబడ్డ ఓబులేశును చూసింది.

"తిన్యావా?"

"తర్వాత తింటాలే అవ్వా. నువ్వు తిను."

ఆమె విన్నట్టు లేదు. మిగిలింది దగ్గరికి తీసి ముద్ద చేసింది. ఆ చెయ్యి గాల్లోకి లేచింది. వణుకుతోంది. మెతుకులు రాలుతున్నాయి. అది ఇంకొంచెంసేపు అట్లా ఉంటే ముద్దంతా రాలిపోతుంది.

ఓబులేశు ఇంకా చేతిలోనే ఉన్న చంచా కింద పెట్టేశాడు. రెండు అంగల్లో వచ్చి, తాత పక్కన మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు.

అన్నం చల్లారిపోయి ఉంది. ఉప్పు సరిగ్గా ఉంది. అవ్వ వేళ్లు అతని పెదవులకు తగిలి, అక్కడే ఒక క్షణం ఆగి, బుగ్గ మీద అంటిన మెతుకును లోపలికి తోశాయి. ఊహ వచ్చాక అతనికి ఎవరూ అట్లా పెట్టలేదు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. తాత వైపు తిరిగాడు.

"తాతా, ఆ ఫీడ్ మాట ఇప్పుడు..." అన్నాడు, నోటినిండా అన్నంతో.

తాత తన గడ్డంలో చిక్కుకున్న మెతుకు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ముందు నోట్లోది మింగు నాయనా," అన్నాడు.