మదార్ షా తిన్న పండుగప్ప

నిన్ను వదిలి పోయినవాళ్లందరి పేర్లూ వరసగా చెబుతావు. వాళ్లలో ఒక్కడికీ బుద్ధి లేదంటావు. నువ్వు వాళ్లని ఎలా పట్టుకున్నావో మాత్రం ఎన్నడూ చెప్పవు. ఆ అరుపు ఆపి కాసేపు కూర్చో. నీలాంటివాడే ఒకడు ఉండేవాడు. పేరు మీరావలి. నిజాంపట్నం దగ్గర పడవలు కట్టే వడ్రంగి. అతని సంగతి విను.

మీరావలికి పండుగప్ప చేప దక్కేది కాదు.

గాలానికి పడేది. పడ్డాక పోయేది. అదే అతని బాధ.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి అతను చెక్కచేప విసిరేవాడు. చెక్కచేప అంటే తేలిక చెక్కతో చేసిన బెత్తెడు బొమ్మ. పొట్ట కింద ఒకటి, తోక కింద ఒకటి, మూడేసి ముళ్ల కొక్కేలు వేలాడుతుంటాయి. నీళ్లలో లాగితే ఒళ్లు తిప్పుతూ అచ్చం చేపలాగే ఈదుతుంది. పడవలు కట్టే చెయ్యి కాబట్టి అతని బొమ్మలు చక్కగా ఉండేవి. పండుగప్ప మోసపోయి నోట కరిచేది. మీరావలి గాలం కర్ర పైకెత్తి ఒక్క గుంజు గుంజేవాడు. చేప నీళ్లలోంచి నిలువునా లేచి తల అటూ ఇటూ విదిలించేది. చెక్కచేప ఎగిరొచ్చి ఇతని కాళ్ల దగ్గర పడేది.

వలలు ఆరేసుకునే పోలేరయ్య అది చూసి ఊరుకునేవాడు కాదు.

"ఏం బాయ్, ఇవాళ ఎన్ని చేపలకి పళ్లు తోమించావు?"

మీరావలి ముళ్లు మార్చాడు. ఆకురాయితో పదును పెట్టాడు. లావు దారం కట్టాడు. ఇంకా గట్టిగా గుంజాడు. చేపలు ఇంకా తొందరగా ఊడిపోయాయి.

మొగ గట్టు మీద చిన్న దర్గా ఉంది. దాని పక్క గుడిసెలో మదార్ షా అనే ఫకీరు ఉండేవారు. మీరావలి ఆయన శిష్యుడు. నాలుగేళ్లుగా పని అయిపోగానే వచ్చి ఆయన దగ్గర కూర్చునేవాడు.

ఒకరోజు వచ్చీ రాగానే కర్ర గోడకి విసిరికొట్టాడు.

"బాబా, పండుగప్ప ఎందుకు ఊడిపోతోంది?"

"నువ్వెందుకు లాగుతున్నావు?"

"లాగకపోతే ఎలా వస్తుంది?"

మదార్ షా నవ్వి, తన గ్లాసులో టీ సగం అతనికి పోశారు.

మదార్ షాకి ఒక నియమం ఉంది. ఆయన చేప తినేవారు. కానీ వలలో పడ్డ చేప ముట్టేవారు కాదు. తన నోరు తాను తెరిచి వచ్చిందే తినమని ఆయన గురువైన పీరు చెప్పారట. ముప్పై రెండేళ్లుగా తప్పలేదు. తినే చేపని తనే చెక్కచేపతో పట్టుకునేవారు. దర్గాలో ఏటా జరిగే ఉరుసు రోజున అందరితో కూర్చుని ఆ పులుసే తినేవారు.

ఆ ఏడు చలిజ్వరం వచ్చి తగ్గాక ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. కర్ర విసరలేకపోయారు. ఉరుసు నెల ఉందనగా మీరావలిని పిలిచారు.

"ఒరే మీరా, ఈ ఉరుసుకి నీ చేప తింటాను."

మీరావలికి కళ్లు తిరిగినంత పనైంది. ఎంతమంది ఉండగా తనని అడిగారు! ఆ సాయంత్రమే ఊరంతా చెప్పేశాడు. పోలేరయ్యకి రెండుసార్లు చెప్పాడు.

నెల రోజుల్లో పదకొండు పండుగప్పలు అతని గాలానికి పడ్డాయి. పదకొండూ ఊడిపోయాయి.

ఉరుసు రోజు పొద్దున్నే అతను రేపల్లె సంతకి పోయాడు. మంచి పండుగప్పని ఏరి కొన్నాడు. దారిలో సైకిలు ఆపి, తన చెక్కచేప ముల్లుని దాని పెదవికి గుచ్చాడు. అలాగే వేలాడేసుకుని దర్గాకి వచ్చాడు.

"ఎంత సేపు పోరాడిందో బాబా! చేతులు పడిపోయాయనుకో."

జనం మూగారు. పోలేరయ్య కూడా తల తిప్పి చూశాడు. "పర్లేదు బాయ్. ఇన్నాళ్లకి ఒకదాన్నయినా బయటికి తెచ్చావు" అన్నాడు.

చేపని తనే శుభ్రం చెయ్యడం మదార్ షా అలవాటు. కత్తిపీట ముందు కూర్చుని, వణికే చేత్తోనే పొలుసు గీకడం మొదలుపెట్టారు. మొప్పల వెనక ఒకచోట ఆయన బొటనవేలు ఆగింది.

అక్కడ ఒళ్లంతా చుట్టి సన్నటి గీత ఉంది. పొలుసు లేచిపోయి ఉంది. వల కంట్లో తల దూరి, వెనక్కి రాలేక పెనుగులాడిన చేపకే ఆ గీత పడుతుంది. పెదవి సంగతి గుర్తుపెట్టుకున్న మీరావలి మెడ సంగతి మరిచిపోయాడు.

మదార్ షా తలెత్తి అతని వంక చూశారు. చుట్టూ వందమంది ఉన్నారు. మీరావలి నవ్వు మొహంతో నిలబడి ఉన్నాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయి ఉంది.

ఆయన వేలు మళ్లీ కదిలింది. గీత ఉన్నచోట పొలుసంతా గబగబా తనే గీకేశారు. ముక్కలు కోసి గిన్నెలో వేశారు.

"కారం తగ్గించండి" అన్నారు వంటవాళ్లతో. "మా మీరా తెచ్చిన చేప. రుచి తెలియాలి."

మధ్యాహ్నం బంతిలో కూర్చున్నారు. విస్తట్లో పులుసు పడింది. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. బిస్మిల్లా అని ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. వడ్డించినదంతా తిన్నారు.

మీరావలి తినలేదు. కడుపు నొప్పి అన్నాడు.

మర్నాడు పొద్దున మదార్ షా తన పాత కర్ర తీసి అతని చేతికిచ్చారు. ఇద్దరూ మొగకి వెళ్లారు.

మూడో విసురుకి చేప పట్టింది. మీరావలి కర్ర పైకెత్తబోయాడు. వణికే చెయ్యి ఒకటి వచ్చి అతని మణికట్టు మీద పడింది.

"కిందికి."

కర్ర కొన పక్కకి వాలి నీళ్లని తాకింది.

"లాగకు."

"వదిలెయ్యనా?"

"వదలకు."

"మరేం చెయ్యను బాబా?"

"ఊరికే పట్టుకుని ఉండు. అది పోతానంటే కొంచెం ఇవ్వు. వస్తానంటే తీసుకో."

చేప పరిగెత్తింది. దారం సర్రున పోయింది. మీరావలి చెయ్యి ఉబలాటపడింది. మణికట్టు మీది చెయ్యి కదలలేదు. ఎగరాలని చేప చూసింది. దారం కింద నుంచి పట్టి ఉండటంతో సగమే లేచి, తల ఒకసారి విదిలించి మళ్లీ నీళ్లలో పడింది. దారం సడలలేదు. బిగుసుకోనూ లేదు. విదిలించుకోవడానికి దానికి ఊతం దొరకలేదు. కాసేపటికి అదే అలిసి, పక్కకి ఒరిగి, గట్టుకి వచ్చింది.

మీరావలి పెదవి చూశాడు. ముల్లు సూది మొన దూరినంత చిల్లే చేసింది. ఇన్నాళ్లూ తన గుంజుడికి అది ఎంత పెద్దదయ్యేదో అప్పుడు తెలిసింది.

రెండు చేతులా చేపని ఎత్తుకుని ఆయన ముందు నిలబడ్డాడు. పసివాడిలా నవ్వుతున్నాడు.

"బాబా, ఇది మీకు. ఇవాళ నేనే వండుతాను."

"ఇంటికి తీసుకుపో. పిల్లలు తింటారు."

"మీరు?"

"నేను చేప మానేశాను."

"ఎప్పట్నించి?"

"నిన్నటి నించి."

మీరావలి చేతుల్లోంచి చేప ఇసకలో పడింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తెలిసే తిన్నారా?"

"ఊఁ."

"అక్కడే అడగొచ్చుగా బాబా! చెంప మీద కొట్టొచ్చుగా! ముప్పై రెండేళ్ల నియమం..."

మదార్ షా వంగి అతని భుజం మీది ఇసక దులిపారు.

"అప్పుడు గుంజితే ఊడిపోయేవాడివిరా."

"ఇది నేను పట్టిందే కదా. ఇది నిజం చేపే కదా. ఒక్క ముక్క తినండి."

"నియమం ఉన్నన్నాళ్లు తిన్నాను. అది పోయింది. దానితోపాటే చేపా పోయింది" అన్నారాయన నెమ్మదిగా. "లే. ఎండెక్కుతోంది."

ఆ తర్వాత మదార్ షా పదకొండేళ్లు బతికారు. ఆ పదకొండేళ్లలో మీరావలి గాలం నుంచి ఒక్క పండుగప్ప కూడా ఊడిపోలేదు. పోలేరయ్య సైతం వల పక్కన పెట్టి వచ్చి, అతని పక్కన నిలబడి చూసేవాడు. ప్రతి ఉరుసుకీ అతని చేపల పులుసే వండేవారు. ఊరంతా మెచ్చుకుంటూ తినేది.

బంతి మొదట్లో మదార్ షా కూర్చునేవారు. ఆయన విస్తట్లో పప్పే ఉండేది. ఆ పప్పు ప్రతి ఏడూ వడ్డించింది మీరావలే.