గడకు కట్టిన పడమటి తాడు

ఎవరేమడిగినా గంగులప్ప వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ముందు అడిగినవాళ్ల పాదాల వంక చూసేవాడు. ఊరూరా తిరిగి, నిలువు గడ ఎక్కి గడసాము ఆడే మేళానికి ఆయనే గురువు. శిష్యులకు ఆ చూపంటే హడలు.

తిప్పక్క ఆయన దగ్గర గడ ఎక్కడం నేర్చిన పిల్ల. పోయిన ఎండాకాలం దిగుతూ దిగుతూ కాలు మడత పెట్టుకుంది. చీలమండ వాపు తగ్గింది, నొప్పీ పోయింది. భయం మాత్రం తిష్ఠ వేసుకుని కూర్చుంది. గడ మొదలు దగ్గర నిలబడితే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి. సంతరోజు వచ్చింది. సాయంత్రం పెద్ద ఆట. అప్పుడూ ఎక్కకపోతే ఇక ఆ మేళంలో ఆమెకు గడ లేదు. ఆ పొద్దున్నే గురువు ముందు కూర్చుని అడిగింది.

"తాతా, కాల్లో ఎముకల్ని పట్టుకోనుండే నరాలన్నీ ఒక్కసారే బిగబట్టి ఉంచితే, మళ్లీ మడత పడదు గదా?"

ఆయన ఆమె పాదాలు చూశాడు. "ఈ పూట మారెక్క ఎక్కుతాది. నువ్వు పడమటి తాడు పట్టుకో" అని మాత్రం అన్నాడు.

మారెక్క ఆమెకు పిన్నమ్మ కూతురు, వయసులో చిన్నది. సాధనకు గడ నిలిచింది. నాలుగు దిక్కులా నాలుగు తాళ్లు, తాడుకొక మనిషి. ఆ మేళంలో తాడును గుంజకు కట్టడమనేది లేదు, చేతుల్లోనే ఉండాలి. ఆ సంగతి తిప్పక్కకు తెలియక కాదు. పైన చెల్లెలు కోడిపిల్లంత కనబడింది. మనిషి చేతుల కంటే కొయ్యగుంజే నమ్మకమనిపించింది పిచ్చిపిల్లకు. ఎవరూ చూడకుండా తాడును పక్కనున్న గుంజకు చుట్టి ముడి బిగించింది. ఇక కదలదులే అనుకుంది.

మారెక్క పైన తూర్పుకు ఒరిగింది. ఆ ఒరుగుకు తగ్గట్టు తూర్పు తాడతను లాగాడు, పడమటి తాడు వదులివ్వలేదు. గడ నడిమధ్య వంగి ఫెళఫెళమంది. మారెక్క కాలు జారి ఒంటి చేత్తో వేలాడింది. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు పెట్టారు. తిప్పక్క ముడి విప్పబోయింది. ముడి మీద వేళ్లు ఆడలేదు.

"సడలించమ్మీ! విడవబాక, సడలించు!" అని గంగులప్ప అరిచాడు.

ఆమె పళ్లతో ముడి లాగింది. తాడును జానెడు జానెడుగా ఇచ్చింది. తూర్పు తాడతను అంతమేరే అందుకున్నాడు. గడ వంపు తీరింది, మారెక్క కాలికి పట్టు దొరికింది. దిగివచ్చిన చెల్లెల్ని వాటేసుకుని తిప్పక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

గురువు తిట్టలేదు. ఆమెను కూర్చోబెట్టి, ఆమె వేళ్లనే ఆమె చీలమండ బయటిపక్కన ముందొకటి, వెనకొకటి ఆనించాడు. పాదం కిందికి వంచమన్నాడు. ముందున్న నరం బిగిసింది, వెనకది మెత్తబడింది. పైకెత్తమన్నాడు. ఈసారి వెనకది బిగిసింది, ముందున్నది సడలింది. ఆమె మళ్లీ మళ్లీ వంచి చూసుకుంది. రెండూ ఒక్కసారే బిగిసిన చోటు ఎంత వెతికినా దొరకలేదు.

సాయంత్రం ఆటకు తిప్పక్కే గడ ఎక్కడానికి వచ్చింది. గడ మీద చెయ్యి వేసింది.

"తాతా, భయం పోలేదు."

గంగులప్ప పడమటి తాడు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"భయాన్ని ఉండనీ. ముడి మాత్రం వెయ్యబాక."