ఆకు కుళ్ళని చేను

అనగనగా, ఎర్రమట్టి చేలున్న ఒక ఊళ్ళో వెంగమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. ఆమె, మొగుడు ఓబులేసు టమాటా పండించేవాళ్ళు.

ఏటేటా ఎండలు ముదిరాయి. తడి ఆరకుండా ఉంటుందని చేనంతా ప్లాస్టిక్ షీటు పరిచారు. పంటయ్యాక పీకితే సగమే వచ్చింది. మిగతాది ముక్కలై మట్టిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఎరువు కావాల్సొచ్చింది. తోడికోడలు రవణమ్మకి కోళ్ళ షెడ్డుంది. ఎక్కడ చచ్చిపోతాయోనని, జబ్బు లేకపోయినా కోళ్ళకి రోజూ నీళ్ళలో యాంటీబయాటిక్ మందు కలిపేది. ఆ కోళ్ళ పెంట పచ్చిగానే చేనికొచ్చింది.

మొదటి ఏడు కాయ చిన్నదైంది. రెండో ఏడు మొక్క వడలిపోయింది. మూడో ఏడు వాన పడినా నీళ్ళు ఇంకలేదు. చేను వదిలేసి బెంగుళూరులో కాపలా పనికి పోదామన్నాడు ఓబులేసు. వెంగమ్మకి మనసొప్పలేదు.

అప్పుడు పలుగు తీసుకుని చేను తవ్వింది. కిందటేడు దున్ని మట్టిలో కలిపిన ఆకులు కుళ్ళకుండా అట్లాగే ఉన్నాయి. గట్టు మీద కానుగ చెట్టు కింద తవ్వితే ఆకులన్నీ నల్లటి పొడైపోయి ఉన్నాయి. రెండు చోట్ల మట్టీ మూటకట్టి, మట్టి పరీక్ష చేసే మేడం దగ్గరికి పోయింది.

ఆ మేడం విడమరచి చెప్పింది. మట్టిలో కంటికి కనబడని జీవులు కోటానుకోట్లు ఉంటాయట. ఆకుని అరగదీసి వేళ్ళకి తిండి పెట్టేవి అవేనట. పెంటతో పాటు వచ్చిన కోళ్ళ మందు వాటిలో మంచివాటిని చంపిందట. మందుకి చావని మొండివి ప్లాస్టిక్ ముక్కల మీద కాపురం పెట్టాయట. పైనుంచి ఎండ. ఇంక నేలకి ఓపికెక్కడిది?

వెంగమ్మ రవణమ్మ దగ్గరికి పోయి మేడం మాటలు చెప్పింది. రవణమ్మ మొహం ముడుచుకుంది. కాసేపటికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో కోళ్ళు నా కళ్ళముందే రొప్పి రొప్పి చచ్చాయి వెంగీ. ఆ భయంతోనే మందు పోస్తున్నా."

"ఎండకి కావాల్సింది నీడ అక్కా. మందు కాదు," అంది వెంగమ్మ.

ఇద్దరూ నిచ్చెనేసుకుని షెడ్డు మీద కొబ్బరి మట్టలు కప్పారు. కోళ్ళు తేరుకున్నాయి. జబ్బు చేస్తేనే, అదీ డాక్టరు చెప్తేనే మందు అనుకుంది రవణమ్మ.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి గంపలకొద్దీ ప్లాస్టిక్ ఏరారు. పెంటని కుప్పేసి నెలల తరబడి మాగబెట్టారు. మాగిన ఎరువూ, కానుగ కింది మట్టీ చల్లి, జనుము విత్తి, అది ఎదిగాక మట్టిలో కలిసేలా దున్నారు.

అబద్ధమెందుకు తల్లీ, చేనంతా బాగుపడలేదు. సగమే లేచింది. ఆ సగంలో ఎవరూ చెప్పకుండానే ఓబులేసు నారు నాటాడు.

మిగతా సగానికి వెంగమ్మ వరిగడ్డి కప్పింది. జ్వరం బిడ్డని నిమిరినట్టు నిమిరి, "తొందరేం లేదు, నిదానంగా లే," అంది.

మట్టి తల్లికి గడ్డి దుప్పటి,
చిట్టి తల్లికి పత్తి దుప్పటి.
కథ కంచి దారి పట్టింది,
కంటికి కునుకు పట్టింది.