సీసం కలిసిన రూక

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకు ఒక టంకశాల. రాజ్యం పేరు కుందవరం. రాజు పేరు మహీధరుడు. టంకశాలలో వెండి కరిగించి, రూకలు పోసి, వాటి మీద రాజముద్ర కొట్టే పెద్ద కంసాలి పేరు పోలోజు.

పోలోజు తాత అదే పని చేశాడు, తండ్రీ అదే పని చేశాడు. వాళ్ళ చేతి మీదుగా వచ్చిన రూకను పొరుగు రాజ్యాల్లో కూడా తూచకుండా పుచ్చుకునేవారు. సంతలో బేరం తెగితే చాలు, రూకను తిప్పి చూసేవారు లేరు.

ఇలా ఉండగా యుద్ధం వచ్చింది. రాజు గెలిచాడు గానీ బొక్కసం ఖాళీ అయింది. కూలిన కోటగోడ తిరిగి కట్టాలి. పన్ను పెంచితే జనం మొరపెడతారు. అప్పుడు మంత్రి ఒక ఉపాయం చెప్పాడు. వెండిలో కొంచెం సీసం కలిపితే, ఉన్న వెండికే ఎక్కువ రూకలు వస్తాయనీ, ఎవరి దగ్గరా ఏమీ లాక్కున్నట్టు ఉండదనీ అన్నాడు.

ఆ కబురు విని పోలోజు మనసు ఒప్పలేదు. కానీ శత్రువులు మళ్ళీ వస్తే గోడ లేని ఊరు ఏమవుతుందో మంత్రి కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. ఈ ఒక్కసారికే కదా అనుకుని పోలోజు సీసం కలిపాడు. గోడ లేచింది. ఎవరూ ఏమీ గుర్తుపట్టలేదు.

మరుసటి ఏడు సైనికుల జీతాలు పేరుకుపోయాయి. మళ్ళీ అదే ఉపాయం. ఈసారి సగానికి సగం సీసం. రూక రంగు మసకబారింది. రాతి మీద వేస్తే ఖంగుమనడం మానేసింది. షావుకార్లు ముందుగా పసిగట్టారు. పాత రూకలు పెట్టెల్లో దాచుకుని, కూలీలకు కొత్తవి ఇవ్వసాగారు. రూకకు కుంచెడు వచ్చే జొన్నలు అందులో సగానికి, అడ్డెడుకు దిగాయి.

దానికి తోడు మంత్రి ఇంకో ఉత్తరువు వేయించాడు. రాజుగారి పన్ను మాత్రం పాత రూకల్లోనే కట్టాలి. అలా కోటలోంచి కొత్త రూకలు బయటికి వచ్చేవి, పాత రూకలు లోపలికి పోయేవి. పన్ను కట్టాల్సిన రైతు షావుకారు గుమ్మం ముందు నిలబడి, రెండు కొత్తవి ఇచ్చి ఒక పాతది తెచ్చుకునేవాడు.

పోలోజు ఉండే వీధి చివర గురవమ్మ అనే ముసలామె ఉండేది. బొరుగులు వేయించి అమ్ముకునేది. కూతురు పురిట్లోనే పోతే, ఆ పసివాణ్ణి ఈమే సాకుతోంది. ఇంట్లో గేదె పాలే వాడికి తల్లిపాలు. ఆ గేదె వట్టిపోయింది. దాన్ని అమ్మి, బొరుగుల మీద కూడబెట్టినది కూడా కలిపి పాడిగేదెను కొందామని ఆమె సంతకు తోలుకెళ్ళింది. అమ్మితే చేతికి వచ్చినవి కొత్త రూకలే. వాటిని పట్టుకుని పాడిగేదెలవాడి దగ్గరికి వెళ్తే, వాటికి దూడ కూడా రాదన్నాడు.

ఆమె సంత నుంచి నేరుగా పోలోజు ఇంటికి వచ్చింది. కొంగుముడి విప్పి రూకలన్నీ అరుగు మీద పోసింది.

"నాయనా, రూకలు కొట్టేది నువ్వే కదా. ఇవి దొంగవేమో చూసి చెప్పు. దొంగవైతే నన్ను మోసం చేసినవాణ్ణి వెతుక్కుంటాను."

పోలోజు ఒక రూక తీసి చూశాడు. ముద్ర తన చేతిదే.

"దొంగవి కావమ్మా. నేను కొట్టినవే."

"మరి ఎందుకు తీసుకోరు?"

పోలోజు చేతిలోని రూకను తిరిగి కుప్పలో పెట్టాడు. ఆమె కాసేపు ఎదురుచూసి, రూకలు మళ్ళీ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. పోలోజు భార్య కొన్నాళ్ళపాటు పసివాడికి చెంబెడు పాలు పంపింది. ఒకరోజు పాలు తిరిగి వచ్చాయి. గురవమ్మ ఇంటికి తాళం వేసి, పిల్లవాణ్ణి చంకనేసుకుని ఎక్కడికో పని వెతుక్కుంటూ పోయిందని ఇరుగుపొరుగు చెప్పారు.

ఇంతలో రాజు తన కొడుకును యువరాజుగా పట్టాభిషేకం చేసే వేడుక వచ్చింది. ఏనుగులకు, విందులకు, మేళాలకు డబ్బు కావాలి. మూడోసారి కబురు వచ్చింది. ఈసారి రూక అంతా సీసమే, పైన వెండి పూత ఉంటే చాలు.

పోలోజు సుత్తి కింద పెట్టి, నిండు సభలోకి వెళ్ళి నిలబడ్డాడు. గోడకు కలిపిన చెయ్యి, జీతాలకు కలిపిన చెయ్యి ఇప్పుడెందుకు ఆగిందని రాజు అడిగాడు. ఆ రెండుసార్లు చేసింది తన తప్పేనని, మూడోసారి చేయలేనని పోలోజు ఒప్పుకున్నాడు. పని పోతుందని అతనికి తెలుసు. తల పోయినా పోవచ్చు. కానీ గురవమ్మ అడిగిన మాటకు జవాబు చెప్పకుండా ఇంటికి వెళ్ళలేకపోయాడు.

"ప్రభూ, ఒక్క మనవి. తమరు ఇచ్చేటప్పుడు ఇది రూక. తమరు పుచ్చుకునేటప్పుడు రూక కాదు. ఏది నిజమో ఈ సభలో సెలవియ్యండి. రూకే అయితే పన్నుకు కూడా దీన్నే తీసుకోమనండి. కాకపోతే, కాదని దండోరా వేయించండి."

ఆ రూకలనే జీతంగా అందుకున్న, సేనను నడిపే దళవాయిలు రాజు ముఖం వైపే చూస్తున్నారు. వాళ్ళ ముందు కాదనడం రాజుకు సాధ్యం కాలేదు. రూకేనని, పన్నుకూ చెల్లుతుందని అన్నాడు. పోలోజును మాత్రం పనిలోంచి తీసేశాడు. మూడో పోతను ఇంకెవరో పోశారు. పోలోజు చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసి పొట్టపోసుకున్నాడు.

పన్నులు వచ్చాయి. సీసపు రూకలన్నీ బళ్ళకెత్తి తెచ్చి కోటలో పోశారు. బొక్కసం నిండిందని రాజు మొదట సంతోషించాడు. ఆ తరువాత గుర్రాల వర్తకుడు వచ్చి, ఆ రూకలు చూసి, గుర్రాలను వెనక్కి తోలుకుపోయాడు. ఉప్పు పడవలవాళ్ళు రేవులో సరుకు దించకుండానే తెడ్లు అందుకున్నారు. చివరికి కోట కావలివాళ్ళు కూడా తమకు జీతం వద్దని, జొన్నలు కొలిపించమని దండం పెట్టారు.

అప్పుడు రాజు పోలోజును పిలిపించాడు.

"నా బొక్కసం నిండుగా ఉంది. అయినా నా చేతిలో ఏమీ లేదు. ఏం జరిగింది?"

"జనానికి ఎప్పుడో జరిగిందే ప్రభూ. తమదాకా రావడానికి ఇంతకాలం పట్టింది."

రాజు మంత్రిని కొలువులోంచి పంపించేశాడు. అంతఃపురంలోని వెండి ఉయ్యాల, వెండి పళ్ళేలు, పట్టాభిషేకానికి చేయించిన వెండి పల్లకి, అన్నీ టంకశాలకు చేరాయి. పోలోజు మళ్ళీ కొలిమి రాజేసి మచ్చలేని రూకలు పోశాడు. సీసపు రూకలు తెచ్చినవాళ్ళకు వాటికి బదులు ఇవి ఇచ్చారు. కూలీలకు ముందు, షావుకార్లకు తరువాత.

గురవమ్మ మాత్రం రాలేదు. పోలోజు ఆనాడు ఆమె అరుగు మీద పోసినన్ని మంచి రూకలు మూటగట్టుకుని ఊరూరా వెతికాడు. ఏటి అవతల ఒక పల్లెలో, ఎవరిదో పశువుల కొట్టంలో పేడ ఎత్తుతూ కనిపించింది. పిల్లవాడు గుంజ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళు నిండినా వాడికి నడక రాలేదు. గంజినీళ్ళతో పెరిగిన కాళ్ళు.

పోలోజు రూకలు ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"రూకలు వద్దు నాయనా. గింజలు ఇప్పించు."

ఇవి అసలు వెండివని, తాను దగ్గరుండి పోశానని అతను చెప్పాడు.

"కావచ్చు. గింజలైతే నేను చూసి తెలుసుకోగలను."

పోలోజు రూకలు మళ్ళీ మూటగట్టాడు. ఆ రూకలతో సంతలో, పాలకు ఇంకా ఆగాల్సిన చూడిగేదెను కాకుండా, ఈనిన గేదెనే దూడతో సహా కొన్నాడు. మిగిలినవాటికి జొన్నలు కొని, గేదెను ఆమె గుమ్మంలో కట్టేసి, జొన్నలు దించి వచ్చాడు. పాలు పడ్డాక పిల్లవాడి కాళ్ళకు బలం వచ్చింది, ఆలస్యంగానైనా నడిచాడు. కానీ గురవమ్మ బతికున్నంతకాలం బొరుగులను గింజలకే అమ్మింది. రూకను చేత్తో తాకలేదు. అలాంటివాళ్ళు ఆ రాజ్యంలో ఎందరో. సంతలో జనం రూకను తూచకుండా పుచ్చుకునే రోజు మహీధరుడు కన్నుమూసేదాకా రానే లేదు.

పాలకుడు కరిగించిన వెండిని మళ్ళీ పోత పోయవచ్చు గానీ, కరిగిపోయిన ప్రజల నమ్మకాన్ని అంత సులువుగా తిరిగి పోయలేడు.