సముద్రం ఎడమచేతి వైపు

పైడిరాజు కుటుంబమంత తెలివైన కుటుంబం భూప్రపంచంలో లేదని పైడిరాజే చెప్పేవాడు. అవునవునని పెళ్ళాం నూకరత్నం తలూపేది. తమ్ముడు సన్యాసిరావు చప్పట్లు కొట్టేవాడు. ఇంత తెలివున్న ఇంటికి పిల్లనివ్వడానికి మాత్రం ఒక్కరూ రాలేదు, అదేం ఖర్మో! చివరికి ఎక్కడో దీవిలో ఉన్న ఒక మహానుభావుడు, వీళ్ళ సంగతి తెలియక, "రేపు పొద్దున్నే పెళ్ళిచూపులకి రండి, రాకపోతే వేరే సంబంధం చూసుకుంటాం" అని కబురుపెట్టాడు. అంతే, సన్యాసిరావు రేపటి పట్టుపంచె ఇవాళే కట్టేసుకున్నాడు.

దారిలో ఇంకో దీవిలో దిగి లాంచీ మారాలి. సాయంత్రం అయిదింటిదాకా లాంచీ లేదు. ఊరికే కూర్చోవడమెందుకు, దీవి చూసొద్దామని కారు అద్దెకు తీసుకున్నారు. కారూ కొత్తే, దీవీ కొత్తే. అయినా ట్రాక్టరు తోలే పైడిరాజుకి కారొక లెక్కా!

రేవు పక్కనే ఇల్లున్న కారు ఓనరు జోసెఫ్ మంచివాడు. "దారి చాలా సులువు బాబూ. సముద్రాన్ని ఎప్పుడూ ఎడమచేతి వైపు ఉంచుకోండి. చుట్టూ తిరిగి క్షేమంగా చేరతారు" అన్నాడు.

"ఎప్పుడూ ఎడమచేతి వైపే" అని ముగ్గురూ వల్లించుకున్నారు.

కొంతదూరం వెళ్ళి కొబ్బరిబొండాలు తాగారు. మళ్ళీ బయల్దేరాక చూస్తే వెనక సీట్లో నూకరత్నం లేదు!

"వదిన్ని బొండాల దగ్గరే వదిలేశాం! కారు తిప్పన్నయ్యా!"

"తిప్పితే సముద్రం కుడివైపుకి వచ్చేస్తుందిరా వెర్రోడా!"

ఇంకేముంది, రివర్సు గేరు వేశాడు. దారి పొడుగునా వెనక్కే. మేకలు అటు, మనుషులు ఇటు. ఓ ముసలాయన కర్రెత్తి, "కారు వెనక్కి తోలతావేంరా?" అని అరిచాడు.

"వెనక్కి వెళ్ళాలి కాబట్టి!" అన్నాడు పైడిరాజు. ఆమాత్రం తెలీనందుకు ముసలాయన మీద జాలిపడ్డాడు కూడా.

నూకరత్నాన్ని ఎక్కించుకున్నారు. కాస్త ముందుకెళ్ళేసరికి రోడ్డు అడవిలోకి తిరిగింది. సముద్రం మాయం! పైడిరాజు బ్రేకు తొక్కాడు.

"సముద్రం లేకుండా వెళ్తే కొంపలంటుకుంటాయి" అన్నాడు.

"ఇంట్లో ఉప్పు లేకపోతే పక్కింట్లోంచి తెచ్చుకోమూ? అలాగే ఇదీ తెచ్చుకుందాం" అంది నూకరత్నం. ఎంత తెలివి!

అంతే, ఒడ్డుదాకా వెనక్కి వెళ్ళి, డిక్కీలో ఉన్న బకెట్టు నిండా సముద్రం ముంచి, ఎడమవైపు కూర్చున్న సన్యాసిరావు ఒళ్ళో పెట్టారు. గతుకు రాగానే పంచంతా తడిసిపోయింది.

"అన్నయ్యా, అలలొస్తున్నాయి!"

"సముద్రమన్నాక రావా? గట్టిగా పట్టుకో!"

ఎలాగైతేనేం, అయిదింటికి రేవు దగ్గరికి వచ్చిపడ్డారు. లాంచీ కూత వేస్తోంది. సన్యాసిరావుకి ఆనందంతో ఏడుపొచ్చింది. ముగ్గురూ పరుగెత్తుకెళ్ళి ఎక్కారు. పైడిరాజు అటూ ఇటూ చూశాడు. మొహం తెల్లబోయింది.

"ఒరేయ్, కుడివైపు కూడా సముద్రమే! లాంచీ దారి తప్పిందిరోయ్, దిగండి!"

"ఇదే ఆఖరిదయ్యా!" అని లాంచీవాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నారు. వింటేగా! దూకేశారు.

"అన్నయ్యా, నా పెళ్ళి!" అని సన్యాసిరావు బావురుమన్నాడు.

"ఏడవకురా, కారుందిగా. సముద్రాన్ని ఎడమవైపు ఉంచుకుంటే క్షేమంగా చేరతామని ఆయనే చెప్పాడుగా!"

లాంచీలో వాళ్ళని చూసి, అయ్యో పాపం, ఇంతమందీ తప్పిపోతున్నారే అని నూకరత్నం కళ్ళొత్తుకుంది. మళ్ళీ కారెక్కారు. సగం దారిలో ఆపి, హాయిగా నిద్రపోయి, తెల్లారాక బయల్దేరి ఒక రేవుకి చేరారు.

"వచ్చేశాం! అమ్మాయి వాళ్ళ ఊరే ఇది!" అని పైడిరాజు రేవు పక్కింటి ముందు కారాపాడు.

కారు పోయిందని రాత్రంతా కుమిలిపోయిన జోసెఫ్, నోటినిండా పేస్టు నురగతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్నటి కారాయన పోలికే. అన్నదమ్ములు కాబోలు" అంది నూకరత్నం.

సన్యాసిరావు పంచె సర్దుకుని, జోసెఫ్ కాళ్ళకి దణ్ణం పెట్టి, "మావయ్యగారూ, అమ్మాయిని పిలవండి" అన్నాడు.

జోసెఫ్ చేతిలోని బ్రష్షు జారి కిందపడింది. కళ్ళు తేలేశాడు.

నూకరత్నం మొగుడి చెవిలో గుసగుసలాడింది: "చూశావా, నోట మాట రావట్లేదు. అబ్బాయి తెగ నచ్చేశాడు!"