మచ్చు గదిలో మహారాజు నిద్ర

ఎప్పటి మాటో నాకూ సరిగ్గా తెలియదు గానీ, ఒకానొక కొండల రాజ్యాన్ని ఉద్దండ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధుల గొంతు ఎండిపోయేది. యుద్ధాలు గెలిచాడు, కోటలు కట్టాడు. నిద్ర ఒక్కటే ఆయనకు చిక్కలేదు.

హంసతూలికా తల్పం మీద ఇటు నుంచి అటు దొర్లేవాడు, అటు నుంచి ఇటు దొర్లేవాడు. వైద్యులు తలకు నూనెలు మర్దించారు. వైణికులు వేళ్లు నొప్పెట్టేదాకా వాయించారు. వాయిస్తూ వాళ్లు కునికారు గానీ రాజుగారి కళ్లు మూతపడలేదు.

తన నిద్ర ఎక్కడ పోయిందో రాజుకు తెలుసు. చెప్పుకోవడానికే నామోషీ.

ఆయన పసివాడుగా ఉన్నప్పుడు శత్రువులు కోటను ముట్టడించారు. తల్లి అప్పటికే లేదు. తండ్రి పిల్లవాణ్ణి పాలిచ్చే దాదితో రహస్యంగా ఒక మారుమూల కొండపల్లెకు పంపేశాడు. ఆ దాది కూతురు సూరీడమ్మ. పిల్లవాడికంటే నాలుగైదేళ్లు పెద్దది. చంకనేసుకుని తిప్పిందీ, అన్నం తినిపించిందీ, పడుకోబెట్టిందీ ఆ అమ్మాయే. ఆ కొండల్లో అక్కని అప్ప అంటారు. పిల్లవాడికి వచ్చిన మొదటి మాట కూడా అదే. ఆమె వాణ్ణి బుచ్చీ అని పిలిచేది.

వాళ్లింట్లో మంచాలు లేవు. తుంగలో వట్టివేరు కలిపి అల్లిన చాప ఒకటి ఉండేది. ఎండాకాలం దాని మీద నీళ్లు చిలకరిస్తే తొలకరి వాసన వచ్చేది. ఆ వాసనలో, అప్ప పక్కన, పిల్లవాడు ఒళ్లెరగకుండా నిద్రపోయేవాడు.

యుద్ధం ముగిసింది, కోట నుంచి పల్లకీ వచ్చింది. ఏడుస్తాడని నిద్రలో ఉండగానే ఎత్తుకుపోయారు. ఊరి పేరు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే కాలం చేశారు. రాజుకు మిగిలింది ఆ వాసన ఒక్కటే. అది తలపుకొచ్చినప్పుడల్లా గుండెలో ఏదో పట్టి లాగినట్టుండేది. వెంటనే మీసం మెలేసి ఎవరో ఒకరి మీద కేకలేసేవాడు. రాజులకు దిగులొస్తే పక్కవాళ్లకు తిప్పలు.

ఇక ఆయన శాసనాల సంగతి చెప్పాలి. ఒకసారి ఎవరో బియ్యంలో రాళ్లు కలిపి అమ్మారు. రాజు మండిపడి, ఆ పూటే దండోరా వేయించాడు: "కోటకు సరుకు అమ్మాలంటే వర్తకుల పట్టికలో పేరుండాలి. ఇంతకు ముందు కోట వాడకానికి సరుకు ఇచ్చినవాడి పేరే పట్టికలో ఎక్కాలి. ఈ శాసనం నేను మీరినా తప్పే!"

వినడానికి గొప్పగానే ఉంది. పేరు లేనిదే సరుకు కొనరు, సరుకు ఇవ్వనిదే పేరు ఎక్కదు. అప్పటికే పట్టికలో ఉన్నవాళ్లు ముసలివాళ్లై ఒక్కొక్కరే పోయారు. చేరేవాళ్లు లేరు. చివరికి ఏకాంబరం అనే వర్తకుడు ఒక్కడే మిగిలాడు. ఉప్పు నుంచి ఏనుగు అంబారీ దాకా అన్నీ అతని కొట్టు నుంచే. కోటలో అన్నానికీ ఆవిరి కుడుముకూ ఒకటే రుచి. అయినా ఏం చెయ్యగలడు పాపం, పోటీ లేనివాడికి పట్టుదలెందుకు పుడుతుంది?

అలాగని ఊళ్లవాళ్లు ఆశ వదులుకోలేదు. సరుకు కాదు గానీ మచ్చు, అంటే చూపడానికి నమూనా, ఇవ్వడానికి అభ్యంతరం లేదు. కోట గోడలో ఒక కిటికీ, దాని వెనక మచ్చు గది. సరుకు తెచ్చేవాళ్లలో పట్టికలో పేరు లేనివాళ్లు ఆ కిటికీ దాటి లోపలికి రాకూడదని శాసనం. కుమ్మరి కుండ తెచ్చేవాడు, కొండవాళ్లు తేనె తెచ్చేవాళ్లు, గొల్లలు గొంగళ్లు తెచ్చేవాళ్లు. కోట సరుకుల లెక్క చూసే ఉగ్రాణాధికారి దండపాణి వాటిని కిటికీలోంచి అందుకుని ఒకే మాట అనేవాడు: "కబురు చేస్తాం."

ఆ కబురు కోసం మనుషులు ఏళ్లతరబడి ఎదురుచూశారు. వీధిలో గుర్రం చప్పుడైతే బయటికొచ్చి తొంగిచూసేవాళ్లు. కొనుగోలు కాని మచ్చు గది దాటి పోకూడదని మరో శాసనం ఉంది. అందుకని కుండలు బోర్లించి, గొంగళ్లు చుట్టి, అన్నీ ఆ గదిలోనే దుమ్ము పట్టి ఉండేవి. వాటిని తలుచుకుంటే నాకు ఏకాంబరం మీద ఉన్న మంట కూడా చల్లారి, బెంగ పుడుతుంది.

ఆ కొలువులో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. నిద్ర లేక చిరాకెత్తిన రాజు ఒకరోజు అతని మీద పడ్డాడు.

"తిప్పనా! ఊరికే నవ్వించి జీతం తింటున్నావు. రేపటిలోగా నాకు నిద్ర తెప్పించు. నా శాసనాల్లో ఒక్కటి కూడా మీరకూడదు. చేతకాకపోతే మూట సర్దుకో."

"చిత్తం మహాప్రభూ. తమరు ఆఖరుసారి హాయిగా ఎక్కడ నిద్రపోయారో సెలవివ్వండి."

రాజు చుట్టూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి చాప సంగతి చెప్పాడు. అప్ప సంగతి చెప్పబోయి ఆగాడు. కాసేపటికి అదీ చెప్పాడు. "చాప మూల నోట్లో పెట్టుకుని నమిలేవాణ్ణి. పీచు గుచ్చుకుంటుందని ఆ మూలకు పాత గుడ్డ కుట్టేది," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తిప్పన తిన్నగా మచ్చు గదికి పోయాడు. దండపాణి చూడనప్పుడు మచ్చు బెల్లం గిల్లుకుతినే అలవాటుండటం వల్ల ఆ గది అతనికి కొట్టినపిండి. మూలన చుట్టి పెట్టిన చాపల దొంతర దులిపాడు. ఒకటి విప్పాడు. ఇంకొకటి విప్పాడు. ప్రతి చాపకూ ఒక మూల నీలం గుడ్డ కుట్టి ఉంది. తిప్పన చాలాసేపు ఆ గుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని రాజు దగ్గరికి వచ్చాడు.

"మహాప్రభూ, చాప దొరికింది. కానీ శాసనం ప్రకారం అది గది దాటి రాకూడదు."

"అయితే దొరికి ఏం లాభం?"

"చాప తమ దగ్గరికి రాకూడదు. తమరు చాప దగ్గరికి పోకూడదని శాసనం ఎక్కడా లేదు కదా?"

శాసనం రాసింది రాజే, లేదని ఆయనకే తెలుసు. కిరీటం తీసి పక్కన పెట్టి బయలుదేరాడు.

అప్పటికింకా మధ్యాహ్న భోజనం కాలేదు. తిప్పన గదిలో చాప పరిచి, కుమ్మరి ఇచ్చిన మచ్చు కుండలో నీళ్లు పోయించి చిలకరించాడు. గది నిండా ఆ వాసన లేచింది. రాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూసి తిప్పన తల తిప్పుకుని కుండలు సర్దుతున్నట్టు నటించాడు.

"ఆకలిగా ఉందా ప్రభూ? ఇదిగో నిన్ననే మచ్చుకొచ్చిన అటుకులు, కొండతేనె." రాజు తిన్నాడు. "దాహమా?" కుండలో నీళ్లు తాగాడు. "నేల చల్లగా ఉంది, ఈ గొంగడి కప్పుకోండి." కప్పుకున్నాడు. "ఉక్కపోస్తే ఈ తాటాకు విసనకర్ర." ఆ మాట పూర్తయ్యేలోగా గురక మొదలైంది.

మామూలు గురక కాదు. ఏళ్ల బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్న గురక. వంటశాలలో వాళ్లు పిడుగనుకున్నారు. గుర్రాలు బెదిరాయి. సాయంత్రమైంది, తెల్లారింది, ఎండెక్కింది. గురక ఆగలేదు.

రాజుగారు కొలువుకు రాలేదని దండపాణి పరివారంతో వెతుక్కుంటూ వచ్చాడు. వెనకే పొరుగు దేశపు రాయబారి. తలుపు తీసి చూస్తే, సమస్త బిరుదాంకితుడైన ఉద్దండ భూపతి తుంగచాప మీద ముడుచుకుని, నీలం గుడ్డ కుట్టిన మూల నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

అలికిడికి రాజు లేచాడు. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత నోట్లోంచి తీసిన చాప మూల వంక చూశాడు. కుట్టు మీద వేలు పెట్టి తడిమాడు.

"ఇది ఎవరు తెచ్చారు?" అని అరిచాడు. కానీ ఆ అరుపులో కోపం లేదు.

"ఎవరో కొండ మనిషి ప్రభూ," అన్నాడు దండపాణి. "ఏటా ఒకటి తెస్తుంది. కబురు చేస్తాం అంటే వెళ్లిపోదు. సాయంత్రం దాకా కిటికీ కింద కూర్చుని పోతుంది. నిన్న కూడా వచ్చింది. రాత్రి సత్రంలో పడుకుని, ఇవాళ మళ్లీ వచ్చి కూర్చుంది."

రాజు కిటికీ దగ్గరికి ఒక్క అంగలో పోయాడు. కింద నెరిసిన జుట్టుతో ఒకామె గోడకు చేరబడి కూర్చుని ఉంది.

కిటికీలో ఎవరో మనిషి నిలబడ్డట్టు ఆమెకు మసకగా ఆనింది. దండపాణి అనుకుని లేచి చేతులు జోడించింది. "బాబూ, నాను సరుకు అమ్ముకోడానికి రానేదు. రాజుగోర్ని సూడాలంటే పోనివ్వరంట. సరుకున్నోల్లని ఈ కిటికీ కాడికి రానిత్తారంట. నాకొచ్చింది సాపలల్లడవే. ఎప్పుడికైనా ఒక్కటి మా బుచ్చిగోడి కిందకి సేరకపోద్దా అని ఏటా అట్టుకొత్తన్నాను. కళ్లు ఆనట్లేదు బాబూ, ఇదే ఆకరు సాప. ఇది ఆడి కిందకి సేరిందో నేదో అదొక్కటి సెప్పీసెయ్యి, ఎలిపోతాను."

రాజు పెదవులు కదిలాయి. "అప్పా" అన్నాడు.

ఆమె ఆ గొంతు గుర్తుపట్టలేదు. గొంతు మారిపోయింది. ఆ పిలుపు గుర్తుపట్టింది. గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"తలుపు తెరవండి! లోపలికి తీసుకురండి!" అన్నాడు రాజు.

దండపాణి అడ్డం వచ్చాడు. "క్షమించాలి ప్రభూ. పట్టికలో పేరు లేనివాళ్లు కిటికీ దాటి రాకూడదని తమ శాసనం. 'నేను మీరినా తప్పే' అని తమరే అన్నారు. రాయబారిగారు వింటున్నారు."

ఇంతకాలం రాజు కట్టిన గోడే రాజుకు అడ్డం నిలిచింది. మీసం మెలేయడానికి చెయ్యి ఎత్తాడు గానీ అది గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడు తిప్పన దగ్గాడు. "దండపాణిగారూ, పట్టికలో పేరు ఎక్కాలంటే ఏం ఉండాలి?"

"ఇంతకు ముందు కోట వాడకానికి సరుకు ఇచ్చి ఉండాలి."

"రాజుగారు వాడితే కోట వాడినట్టేనా?"

"సందేహమా!"

"నిన్న మధ్యాహ్నం నుంచి ఇందాకటి దాకా రాజుగారు ఈమె చాప వాడారు. మరి మీరు విన్నారా లేదా?"

"ఏం వినడం?"

"గురక!"

దండపాణి ఇరుక్కున్నాడు. వినలేదంటే అబద్ధం, విన్నానంటే సాక్ష్యం. రాయబారి మాత్రం దాచుకోలేదు. "మా విడిదికి కూడా వినిపించింది," అన్నాడు.

"అంతే కాదు," అన్నాడు తిప్పన. "రాజుగారు ఈ కుండలో నీళ్లు తాగారు, ఈ అటుకులూ తేనే తిన్నారు, ఈ గొంగడి కప్పుకున్నారు. కాబట్టి ఆ కుమ్మరీ, ఆ కొండవాళ్లూ, ఆ గొల్లలూ, అటుకులు దంచినావిడా, అందరూ కోటకు సరుకు ఇచ్చినవాళ్లే. ఇక ఈమెదంటారా, ఏకాంబరం పుట్టకముందే రాజుగారికి చాప పరిచింది. ఈ కోటకు ఇంత పాత వర్తకులు ఇంకెవరున్నారు? పేర్లు ఎక్కించండి దండపాణిగారూ. శాసనం మీరితే తప్పు!"

రాజుకు నిన్నటి అటుకులూ, నీళ్లూ, గొంగడీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొట్ట పట్టుకుని నవ్వాడు. కన్నీళ్లు కారుతుండగా నవ్వాడు. "ఓరి తిప్పనా, నిద్ర పేరు చెప్పి నాచేత ఇంతమంది దగ్గర సరుకు కొనిపించావా!"

తలుపులు తెరుచుకున్నాయి. సూరీడమ్మ లోపలికి వచ్చి, రాజు ముఖం రెండు చేతులతో తడిమింది. మీసం తగిలి చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ తడిమింది.

"అప్పా, కబురు చేయడం ఆలస్యమైంది," అన్నాడు రాజు. "అయినా నాకు జుట్టు నెరిసింది కదా. ఇంకా ఆ మూలకు గుడ్డ కుట్టడమేమిటి?"

"నాకేటి తెలుసురా బుచ్చీ?" అంది ఆమె. "పల్లకీలో ఎట్టుకుపోయినప్పుడు నీకు పాలపళ్లే గదా."

రాజు తిప్పనకు తన మెళ్లోని ముత్యాల హారం వేసి, మచ్చు గది పెత్తనం కూడా ఇచ్చాడు. శాసనంలో 'ఇంతకు ముందు' అని మొదలయ్యే ఆ వాక్యాన్ని ఆ రోజే కొట్టేయించాడు. హంసతూలికా తల్పం దండపాణికి దక్కింది. దాని మీద ఆయనకు నిద్ర పట్టిందో లేదో నేను అడగలేదు.

కోటలో ఉండిపొమ్మంటే సూరీడమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు అక్కడ తుంగ దొరకదు. పేరు పట్టికలో ఎక్కినవాళ్లు మచ్చు తేనక్కర్లేదని చెప్పినా, ఏటా ఒక చాప చంకన పెట్టుకుని వచ్చేది. చూపు ఆనక అల్లిక వంకరపోయేది. కిటికీలో రాజే కూర్చుని ఉండేవాడు. ఆమె కావాలనే చేతులు జోడించి, "బాబూ, మచ్చు తెచ్చినాను. కబురెప్పుడు సేత్తారు?" అనేది.

రాజు ముందు ఆ మూల తడిమి చూసుకునేవాడు. గుడ్డ కుట్టే ఉండేది.