తీర్పు చెప్పని కంప్యూటర్

ఎనిమిది వందల కంప్యూటర్లూ కలిసి ఒకే తప్పు చేశాయి. ఆ తప్పు వాటికి నేర్పింది తరళ. వారం దాకా ఎవరికీ తెలియలేదు, తరళకి అసలే తెలియలేదు.

భూమి అడుగున సొరంగంలో ప్రోటాన్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటుంటాయి. ఆ తాకిళ్లు సెకనుకి లక్షల్లో ఉంటాయి. అన్నీ దాచుకునే చోటు ఏ ల్యాబ్‌లోనూ లేదు. అందుకని ఏ కంప్యూటర్ ఖాళీగా ఉంటే దానికి ఒక తాకిడి అందుతుంది. ఉంచాలో పారెయ్యాలో అది రెప్పపాటులో తేల్చాలి. పారేసింది మళ్లీ రాదు. ఆ తేల్చే ప్రోగ్రాం తరళది.

మరమ్మతుల తర్వాత ఆ ప్రోటాన్లని ఢీకొట్టించే యంత్రం మళ్లీ నడిచిన వారానికి, ఆమె ఉత్సాహం పట్టలేక తన గురువు ఖైరున్నీసాని లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టింది.

“మేడమ్, చెత్త ఎంత తగ్గిందో చూడండి. ఉంచినవి కొంచెమే, కానీ ఒక్కోటీ ముత్యంలా ఉంది.”

“పారేసినవి ఎలా ఉన్నాయి?”

“పారేశాం కదా మేడమ్. ఎలా ఉంటే ఏం?”

ఖైరున్నీసా టీ కప్పు పక్కన పెట్టి కూర్చుంది. ఎనిమిది వందల్లో ఒకదాన్ని పట్టుకుని, అందులోంచి తరళ ప్రోగ్రాం తీసేసింది.

“ఇది ఇక తీర్పు చెప్పదు. తన వంతుకి ఏదొస్తే అది దాస్తుంది.”

“అంటే నాకో చెత్తకుప్ప బహుమానం.”

“తెరిచి చూశాక ఆ మాట చెప్పు తల్లీ.”

తరళకి ఒళ్లు మండింది. అందులో ఎంత చెత్త ఉందో మేడమ్‌కి చూపించాలనే మధ్యాహ్నం ఆ కుప్ప తెరిచింది. మొదటి తాకిడి బొమ్మ గీయించింది. కణాల దారులన్నీ చక్కగా ఒకచోట కలిశాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కాకపోతే అవి కలిసిన చోటు, ఆమె ప్రోగ్రాం వెతుకుతున్న చోటుకి వెంట్రుకవాసి పక్కన ఉంది.

మరమ్మతుల్లో ఢీకొనే చోటే కాస్త పక్కకి జరిగింది. పాత చోటు నుంచి బయల్దేరని ప్రతిదాన్నీ ప్రోగ్రాం చెత్త కింద జమకట్టింది. వారం రోజులుగా పోయినవాటిలో ఎక్కువ మంచివే.

ఏడవడానికి తీరిక లేదు. యంత్రం ఇంక నాలుగు రోజులే నడుస్తుంది. తరళ కొత్త చోటు కొలిచింది, నమ్మలేక మళ్లీ కొలిచింది, మేడమ్‌ని పిలిచి కొత్త అంకె తీర్పు చెప్పే కంప్యూటర్లన్నిటికీ ఎక్కించింది.

తెర మీద గీత నిటారుగా లేచింది. మంచి తాకిళ్లు వరదలా వచ్చిపడుతున్నాయి. “చూడండి మేడమ్, చూడండి” అంటూ ఆమె ఖైరున్నీసా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

“ఊడొస్తుంది, వదులు” అంది ఖైరున్నీసా. కానీ ఆమె కూడా కుర్చీలో కూర్చోలేకపోతోంది.

ఆ ఊపు మీదే తరళ మిగిలిన ఒక్క కంప్యూటర్ పేరూ కొట్టింది. “తప్పు దొరికింది కదా, దీన్నీ పనిలో పెట్టేస్తాను.”

“తప్పు దొరికిందని నీకు చెప్పిందెవరు?”

తరళ వేళ్లు ఆగాయి. కొట్టిన పేరు చెరిపేసింది.

తర్వాత కొన్నేళ్లకి ఆ విభాగం ఆమె చేతికొచ్చింది. కంప్యూటర్లు చాలక అందరూ కొట్టుకున్న రోజుల్లో కూడా, ఒకదానికి మాత్రం ఏం ఉంచాలో ఏం పారెయ్యాలో ఆమె నేర్పలేదు.